పుచ్చుకునే కుంచం

నేను ఒక కుంచాన్ని. బొమ్మలకు రంగులేసే కుంచెను కాదు, ధాన్యం కొలిచే కుంచాన్ని. ఈ మాట ముందే చెప్పకపోతే మీ పిల్లలు నా వంక చూసి "దీంతో రంగులెలా వేస్తారు?" అని అడుగుతారు. అడిగారు కూడా. మీ పెద్దలు వాళ్లకన్నా ఏమంత మెరుగు కాదు. వాళ్లు అడగరు, తెలిసినట్టు తలాడించి పక్క గాజుపెట్టె దగ్గరికి వెళ్లిపోతారు.

నాలుగు మానికలు పడితే కుంచం. ఊరందరికీ అదే లెక్క. నాలో మాత్రం నాలుగు మానికలు పోశాక కూడా దోసెడు గింజలకు చోటుంటుంది. అది పొరపాటున మిగిలిన చోటు కాదు, అడిగి చేయించింది.

చేసినవాడు వీరాచారి అనే వడ్రంగి. పనస మొద్దును లోపల తొలిచి, పైన నునుపు చేసి, అంచుకూ నడుముకూ అడుగుకూ ఇత్తడి పట్టీలు బిగించాడు. చేయించినవాడు నంబూరి భద్రయ్య. గారు అని మీరు తగిలించుకోండి, నేను తగిలించను. గోదావరి కాలువ కింద కనుచూపు మేర ఆయన పొలమే. ఆ ఉదయం వడ్రంగి అరుగు మీద కూర్చుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"రెండు చెయ్యి. ఒకటి ఇవ్వడానికి, ఒకటి పుచ్చుకోడానికి."

వీరాచారి ఎందుకని అడగలేదు. ఎంత తేడా ఉండాలని మాత్రం అడిగాడు.

"కంటికి ఆనకూడదు, గాదెలో ఆనాలి" అన్నాడు భద్రయ్య.

అలా పుట్టాం మేం అన్నదమ్ములం. కూలివాళ్లకు గింజలు పొయ్యడానికి నా తమ్ముడు, కౌలురైతులు తెచ్చిన గింజలు కొలుచుకోడానికి నేను. వాడు కుంచానికి కాస్త తక్కువ, నేను కాస్త ఎక్కువ. పక్కపక్కన నిలబెడితే తప్ప ఎవరికీ తెలియదు, మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టనిస్తే గదా. వాడు పెరట్లో ఉండేవాడు, నేను గాదె గదిలో. పైగా భద్రయ్య నా పొట్ట మీద పంగనామాలు చెక్కించాడు. ముందు నాకు పెట్టాడు, తర్వాత ఊరందరికీ పెట్టాడు.

కొలత మొదలయ్యేటప్పుడు మీ వాళ్లకు ఒక అలవాటుంది. మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని రాగం తీస్తూ లెక్కపెడతారు. ఎవరికి లాభమో మాత్రం అడిగినవాడు లేడు. రైతు తలగుడ్డ చేత్తో పట్టుకుని పక్కన నిలబడి వినేవాడు. ఇంటి దగ్గర సరిగ్గా కొలుచుకుని బండెక్కించిన గింజలు ఇక్కడికొచ్చేసరికి తరిగిపోయేవి. బస్తాకు చిల్లు పడిందేమో అనుకునేవాడు. ఎద్దు నోరు పెట్టిందేమో అనుకునేవాడు. చివరికి పెళ్లాం తీసి పుట్టింటికి పంపిందేమో అని కూడా అనుకునేవాడు. ఇంటికెళ్లి ఆవిణ్ణి నాలుగు తిట్టేవాడు. ఎదురుగా పొట్ట మీద నామాలతో కూర్చున్న నన్ను మాత్రం అనుమానించలేదు. పెళ్లాన్ని అనుమానించినంత తేలిగ్గా మనిషి తన దొర కుంచాన్ని అనుమానించడు. మీ జాతి మీద నాకున్న కాస్త గౌరవం ఆ గాదె గదిలోనే పోయింది.

భద్రయ్య పోయాడు. ఆయన కొడుకు కాలంలో కాటాలొచ్చాయి, కిలోలొచ్చాయి. నన్ను అటకెక్కించి మరిచిపోయారు. ఎలుకలు నా లోపల పిల్లల్ని పెట్టాయి. అవి నయం, తమ తాతల గొప్పలు చెప్పుకునేవి కావు.

నన్ను మళ్లీ కిందికి దించింది మనవడు సత్యవరప్రసాదు. కాలువ గట్టున వాళ్ల పాత ధాన్యం గోడౌను ఖాళీగా పడుంటే ఊళ్లో మ్యూజియం పెట్టుకోడానికి ఇచ్చాడు. ఇచ్చాడంటే రాసివ్వలేదు, ఉండమన్నాడు. వద్దంటే మర్నాడే సర్దుకోవాలి. ఆ మ్యూజియంలో పెట్టడానికి ఇంట్లో పాత సామాను వెతుకుతుంటే నేను దొరికాను. సరదాకి నాలుగు మానికలు కొలిచి పోశాడు. నిండలేదు. ఇంకో దోసెడు పోశాడు. అప్పుడు నిండింది. ఆయన కాసేపు గెడ్డం గోక్కుని, తర్వాత కళ్లలో నీళ్లు తెచ్చుకున్నాడు.

"చూశారా మా తాతగారి మనసు. అందరూ నాలుగు మానికలు పోస్తే ఆయన పేదవాళ్లకి ఇంకా ఎక్కువ పొయ్యాలని ఇంత పెద్ద కుంచం చేయించారు" అన్నాడు పక్కనున్నవాళ్లతో.

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అబద్ధాలకోరునైతే నేను కాస్త గౌరవించేవాణ్ణి, వాడికి నిజమేదో తెలిసుంటుంది. ఈయన నిండు మనసుతో నమ్మాడు. నన్ను చింతపండుతో తోమించి, గాజుపెట్టెలో పెట్టించి, పైన దీపం వేయించి, 'దాన కుంచం' అని పలక రాయించాడు. కింద భద్రయ్య దానశీలతను గురించి ఆరు వరుసలు. వచ్చినవాళ్లు చదివి, ఆ రోజులే వేరు అని నిట్టూర్చి వెళ్లేవారు. ఆ రోజుల్లో వాళ్ల ముత్తాతల గింజలే నేను మింగానని వాళ్లకేం తెలుసు.

ఈ వేసవి సెలవుల్లో మ్యూజియం నడిపే హైమావతికి పిల్లల శిబిరం పెట్టాలని బుద్ధి పుట్టింది. రెండు ఎమ్మేలు చదివిన మనిషి, మెడలో తాళ్లకు కట్టిన కళ్లజోడు, చేతినిండా రంగు కాగితాలు. పేరు 'వేసవి సృజనోత్సవం'. ఊళ్లో బడిపిల్లలందరికీ ఉచితం, మధ్యాహ్నం భోజనం కూడా. దాంతో గోడౌను నిండిపోయింది.

ఆ గోల ఏం చెప్పను. మట్టితో నాణేలు చేశారు, చేసినవాటితో కొట్టుకున్నారు. రాజుల తలపాగాలని తువ్వాళ్లు చుట్టుకున్నారు. ఒకరోజు హైమావతి అందరికీ తలో కాగితం ఇచ్చి, ఇక్కడున్న ఏదో ఒక వస్తువు ఆత్మకథ రాయండి అంది. ప్రతివాడూ 'నేను ఒక నాణేన్ని' అనో 'నేను ఒక కత్తిని' అనో మొదలుపెట్టి, 'చివరికి నన్ను మ్యూజియంలో పెట్టారు, ఇప్పుడు నేను సంతోషంగా ఉన్నాను' అని ముగించాడు. గాజుపెట్టెలో సంతోషంగా ఎవడుంటాడు? ఒక్కరైనా మమ్మల్ని అడిగారా?

తర్వాత నా వంతు వచ్చింది. నా నకలు చేయాలట. పెట్టె తెరిచి, నన్ను బల్ల మీద పెట్టి, లోపల పాలిథిన్ పరిచి, పాత పేపరు ముక్కలు మైదా జిగురులో ముంచి నా లోపలి గోడకు పొరలు పొరలుగా అంటించారు. ఫ్యాను కింద ఎండాక పైకి లాగారు. బయట గోధుమరంగు, పట్టీలకు పసుపు, పొట్ట మీద వంకర నామాలు. చూడ్డానికి అచ్చం నేనే. నా కడుపులోంచి వచ్చింది కాబట్టి నాకన్నా తక్కువ పడుతుంది. ఇంత చిన్న సంగతి రెండు ఎమ్మేలకు తట్టలేదు.

ఆ పిల్లల్లో దేవిక అని ఒకతె ఉండేది. ఏడో తరగతి. గొంతు పెద్దది, నూనె రాసి బిగించిన రెండు జడలు. తల్లి లోవకుమారి సత్యవరప్రసాదు ఇంట్లోనే పని చేస్తుంది. వాకిళ్లు ఊడ్వడం, అంట్లు, కళ్లంలో ధాన్యం ఆరబోయడం. జీతంలో కొంత డబ్బు, కొంత బియ్యం. ప్రతి శనివారం రెండు కుంచాలు కొలిచి పోస్తారు.

అందరూ పులిహోర కోసం విస్తరాకుల మీద పడుతుంటే దేవిక మాత్రం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేది. హైమావతి ఒకరోజు పట్టుకుని అడిగింది.

"ఏమ్మా, నచ్చలేదా?"

"నచ్చిందండి."

"మరి తినవే?"

"అలవాటు మానాలండి. నేను ఎక్కువ తినేత్తానంట. శనివారం తెచ్చిన బియ్యం గురువారానికే అడుగు కనిపిత్తందండి. అమ్మ లెక్క ప్రకారం వారం రావాలంట. నీ కడుపా, కాలువా అని తిడద్ది."

"ఆ బియ్యం తూకం వేయించి చూడలేదా?"

"అయ్యగారింటి కుంచాన్ని ఎలా తూకం ఏయిత్తామండి. బాగోదు గదండి."

హైమావతి అయ్యో అని, ఇంకో గరిటె వెయ్యబోయింది. పిల్ల చేతులు అడ్డం పెట్టింది. నేను బల్ల మీద నుంచి అంతా వింటున్నాను. ఆ ఇంట్లో కొలిచే కుంచం ఏదో నాకు తెలుసు. పన్నెండేళ్ల పిల్ల తన కడుపును తనే తిట్టుకుంటూంటే, ముత్తాతల నాటి రైతు పెళ్లాన్ని తిట్టుకున్నది గుర్తొచ్చింది. ఎన్ని తరాలైనా మీరు మీ ఇంట్లోవాళ్లనే అనుమానిస్తారు.

శిబిరం చివరిరోజు సత్యవరప్రసాదు ముఖ్య అతిథి. ఆయన మనసు కరిగితే గోడౌను మ్యూజియం పేరున రాసిస్తాడని హైమావతి ఆశ. అందుకని 'భద్రయ్యగారి దానం' అని ఒక నాటకం రాసింది. పంటల కాలంలో రైతులు గింజలు తెచ్చి గాదెలో పోస్తారు, కరువు రాగానే భద్రయ్య గాదె తెరిచి అందరికీ పోస్తాడు. గొంతు పెద్దదని దేవికను భద్రయ్యను చేసింది. మీసం పెట్టించింది. రైతు వేషం తరుణ్ అనే గుండ్రటి కుర్రాడిది. కొలవడానికి ఒక బస్తా బియ్యం తెప్పించింది. కాగితపు కుంచం ఒకటి, నేను ఒకటి, ఇద్దరం వేదిక మీద. నేను అలంకారానికే, కొలిచేది కాగితందాంతోనే అని గట్టిగా చెప్పింది.

పిల్లలకు చెప్పిందెవరు వింటారు. సాధన జరుగుతుండగా హైమావతికి ఫోనొచ్చి పక్కకెళ్లింది. దేవిక ఒకసారి నాతో పుచ్చుకుని, కాగితందాంతో తిరిగిచ్చింది. వెనక గాదె అనుకున్న చోట బియ్యం మిగిలిపోయింది. పిల్లకు సరదా పుట్టింది. మళ్లీ పుచ్చుకుంది, మళ్లీ ఇచ్చింది. ఇంకా మిగిలింది. ధర్మం గురించి ఆలోచించి కాదు లెండి, గెలుస్తున్నానన్న సంబరం. భద్రయ్యకూ అంతకన్నా గొప్ప కారణమేం లేదు.

"నువ్వేదో చేసేత్తన్నావ్" అన్నాడు తరుణ్, ఖాళీ అయిపోతున్న తన బియ్యం గుడ్డ వంక చూసుకుంటూ. "నాకిచ్చిందే గదా నేను తెత్తన్నాను. ఎందుకు తగ్గుద్ది?"

"నీకు కొలవడం రాదు."

"కొలిచింది నువ్వేగా."

దేవిక నవ్వబోయి ఆగిపోయింది. కాగితపు కుంచాన్ని తీసి నాలోకి దించింది. అది వెళ్లి నా లోపల కూర్చుంది. పిల్ల వంగి రెండు అంచుల మధ్య సందులో వేలు పెట్టి చూసింది. మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. హైమావతి తిరిగొచ్చాక అడిగింది.

"మేడమ్, భద్రయ్యగారు పుచ్చుకునేది దీంతో అయితే, ఇచ్చేది దేంతోనండి?"

"దీంతోనే ఇచ్చేవారమ్మా. అందుకే దాన కుంచం."

"ఇచ్చేదానికి పెద్దది చేయించుకునేవోళ్లుంటారాండి?"

హైమావతి నా వంక చూసింది. పలక వంక చూసింది. రెండు ఎమ్మేలూ ఒక్కసారి పనిచేసినట్టున్నాయి, ముఖం పాలిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"రేపు నేను రాసింది రాసినట్టు చెయ్యండి. ఇంకేం వద్దు" అంది.

నిజం తెలియని సత్యవరప్రసాదు మీద నాకు జాలి లాంటిదేదో ఉంది. తెలిసి నోరు మూసుకునేవాళ్ల మీద అదీ లేదు. అందుకే ఆవిడ నన్ను మెత్తగా తుడిచి గాజుపెట్టె పక్కన పెడుతుంటే నాకు ఒళ్లు మండింది.

మర్నాడు తల్లిదండ్రులతో గోడౌను కిక్కిరిసింది. ముందు వరసలో పట్టు శాలువాతో సత్యవరప్రసాదు. ముందు వైపు రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా లోవకుమారి వెనక తలుపు దగ్గర నిలబడింది, అయ్యగారు కూర్చున్న చోట తను కూర్చోవడం అలవాటు లేక. నాటకం మొదలైంది. దేవిక మీసం తిప్పి, నన్ను ఎత్తింది.

"లాభం" అంది పెద్ద గొంతుతో. "రెండు. మూడు."

తరుణ్ గుడ్డ ఖాళీ అయింది. కరువొచ్చింది. దేవిక నన్ను పక్కన పెట్టి కాగితందాన్ని తీసింది. లాభం, రెండు, మూడు. తరుణ్ గుడ్డలో ముందుకన్నా చిన్న కుప్పే పడింది. "నేను తెచ్చింది ఇంతేనాండీ?" అని వాడు నాటకంలో లేని మాట అడిగాడు. జనం నవ్వారు. మళ్లీ పంట, మళ్లీ నేను. మళ్లీ కరువు, మళ్లీ కాగితం. భద్రయ్య వెనక కుప్ప పెరుగుతోంది. కుర్రవాళ్లు నవ్వుతూనే ఉన్నారు గానీ, ముసలివాళ్ల నవ్వు ఆగిపోయింది. హైమావతి పైట కొంగు వేలికి చుట్టుకుంటూ స్తంభం వెనక్కి జరిగింది.

సత్యవరప్రసాదు లేచి నిలబడ్డాడు. అంతా అయిపోయిందనుకున్నారు. ఆయన శాలువా అంచుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"అచ్చం మా తాతగారే" అన్నాడు. "చిన్నప్పుడు గాదె గడప మీద కూర్చుని చూసేవాణ్ణి, మరిచేపోయాను. ఇలాగే రెండు కుంచాలుండేవి. వచ్చేవాటికి ఇది, పోయేవాటికి చిన్నది. ఈ పిల్లకి ఎవరు చెప్పారో గాని, కళ్లకు కట్టింది. ఆ రెండోది ఇంకా మా ఇంట్లోనే ఉంది. మా పనివాళ్లకి ఇవాళ్టికీ దాంతోనే కొలుస్తాం. తాతల నాటి పద్ధతి మేం మానలేదు."

గోడౌనులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏం లేదు. ఆయన దాన్ని గౌరవం అనుకుని చిరునవ్వు నవ్వాడు. ఇంత మొద్దును నేను పనస మానులో కూడా చూడలేదు.

తలుపు దగ్గర లోవకుమారి తన కూతురి వంక చూస్తోంది. మీసం కింద ఆ సన్నటి చెంపల వంక. తర్వాత నెమ్మదిగా కుర్చీల మధ్య నుంచి ముందుకొచ్చింది.

"అయ్యగారండీ" అంది. "ఈ శనివారం నుంచీ మా బియ్యం ఆ పెద్దదాంతో కొలిపించండి."

"అదా? అదెలాగే, అది మ్యూజియంది."

"మీరే గదండి దాన కుంచం అని రాయించారు. పైన ఉంది గదండి."

ఆయన పలక వంక చూశాడు. నా వంక చూశాడు. కాగితపు కుంచం వంక, దేవిక వెనక కుప్ప వంక చూశాడు. తన తాత ఆయనకు అప్పుడు కనిపించాడు. ముఖంలో రంగు దిగిపోయింది. వెనక ముసలివాళ్లందరూ ఆయన మెడ వంకే చూస్తున్నారు.

"మ్యూజియం వస్తువు బయటికి పోకూడదు కదమ్మా, మేడమ్‌గారు ఒప్పుకోరు" అన్నాడు చివరికి.

హైమావతి స్తంభం వెనక నుంచి బయటికొచ్చింది. గోడౌను ఆశ ఆ నాలుగడుగుల్లో వదులుకున్నట్టుంది.

"ప్రతి శనివారం నేనే తెస్తానండి" అంది. ఆవిణ్ణి నేను నిన్న అంత తిట్టుకోకుండా ఉండాల్సింది.

శనివారం వచ్చింది. నన్ను తువ్వాలులో చుట్టి ఆటోలో ఆ ఇంటి పెరట్లోకి తీసుకెళ్లింది హైమావతి. సత్యవరప్రసాదే స్వయంగా కొలవడానికి కూర్చున్నాడు. పనివాళ్లంతా చుట్టూ చేరారు. ఆయన బియ్యాన్ని నాలోకి నెమ్మదిగా, ఒత్తిడి పడకుండా, చేట అంచు మీద నుంచి జారవిడిచాడు. గింజలు ఒకదాని మీద ఒకటి గుల్లగా నిలబడ్డాయి. అంచు మీద అరచెయ్యి అడ్డంగా రాసి చదును చేశాడు. రక్తంలో ఉన్న విద్య, నేర్పనక్కర్లేదు.

"ఒక్కసారి కుదపండయ్యా" అంది లోవకుమారి.

ఆయన కుదిపాడు. గింజలు దిగాయి. ఇంకో దోసెడు పోశాడు. లాభం అని ఆయన నోటికి అలవాటుగా వచ్చింది, సగంలో మింగేశాడు. నన్నెత్తి ఆమె సంచిలోకి వంచాడు. పుట్టిన దగ్గర్నుంచి నాలోంచి గింజలు ఆ ఇంటి గాదెలోకి తప్ప ఎక్కడా పడలేదు. బయటి మనిషి సంచిలోకి పడుతున్న చప్పుడు వినడం నాకదే మొదలు. బాగుంది. మీరు ఏమనుకున్నా సరే, నాకు బాగుంది.

రెండో కుంచం కూడా అయింది. సత్యవరప్రసాదు చేతులు దులుపుకుని, ఇక వెళ్లొచ్చన్నట్టు తలాడించాడు. లోవకుమారి సంచి మూతికి పురికొస బిగించింది. ఎత్తి నెత్తిన పెట్టుకోబోయి, ఆగింది.

"మరి పాత వారాల మాటేంటండి?" అంది.

ఆయన చేట తీసి పక్కన పెట్టాడు. లోవకుమారి సంచి కింద పెట్టి, అక్కడే నిలబడింది.